రిలీజ్ అయ్యేదాకే

యూసుఫ్‌గూడ,
9 ఫిబ్రవరి 2025.

తిరుమలేశన్నకు,

నమస్తే. నేను వందనని. మన గ్రాఫిక్స్ స్టూడియోలో, పెయింట్ టీములో మీ కింద మూడేళ్లు పనిచేసిన వందనని. మీరు మానేసి వెళ్లి కూడా మూడేళ్లవుతోంది కాబట్టి ఇంత పరిచయం చేసుకోవాల్సి వస్తోంది. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి వదిన ఎత్తి, "ఆయన స్టూడియోల్ల ఫోన్ ఎత్తడమ్మా. కాయితం రాయి, సదువుతడు" అన్నారు. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని నవ్వుకున్నాను గానీ, అవసరం నాది కదా.

ఇక్కడ అంతా మీరున్నప్పటిలాగే ఉంది. ఫిల్మ్ నగర్‌లో అదే బంగళా, అదే సెల్లార్. ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేసి కిందికి దిగుతాం. వాన పడిందో లేదో సాయంత్రం మెట్లెక్కినప్పుడే తెలుస్తుంది. మీరు నేర్పిన పనే చేస్తున్నాను. హీరోను గాల్లోకి లేపిన తాళ్లను ఒక్కో ఫ్రేములోంచి చెరపడం. కుడి చేతిలో పెన్ను, ఎడమ చెయ్యి కీబోర్డు మీద. జనం ఈలలు వేసే నాలుగు సెకన్లు నాకు తొంభై ఆరు ఫ్రేములు.

సంగతేమిటంటే, ఎడమ చిటికెన వేలు ఈ మధ్య జివ్వుమంటోంది. పెద్దదేం కాదు. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని పట్టుకుని అలిసిపోయింది, అంతే. మీరు జనగామలో కంప్యూటర్ల దుకాణం పెట్టుకుని, చేతికి తగ్గట్టు రెండు ముక్కల కీబోర్డులు చేసిస్తున్నారని హనుమంతు చెప్పాడు. మన మెషీన్లు చూసుకునే హనుమంతే, ఇంకా ఇక్కడే ఉన్నాడు. నాకొకటి చేసిపెడతారా?

ఇంకోటి. నా గదిలో పాత ల్యాప్‌టాప్ ఒకటి పడి ఉంది. కొత్త కీబోర్డుకు చెయ్యి అలవాటయ్యేదాకా దాని మీద సాధన చేద్దామని. స్టూడియోలోలాగే దానిలోనూ విండోస్ బదులు లినక్స్ వేయాలి. ఏ రకం మంచిదని నలుగురిని అడిగితే ఐదు పేర్లు చెప్పారు. ప్రతివాడూ తన మేనకోడలికి సంబంధం కుదుర్చుతున్నట్టే మాట్లాడాడు. మీరు ఒక్క పేరు చెప్పండి, కళ్లు మూసుకుని వేసేస్తాను.

వదినను అడిగానని చెప్పండి.

మీ
వందన

~

జనగామ,
17 ఫిబ్రవరి 2025.

వందన చెల్లెకు,

ఉత్తరం అందింది. పరిచయం అక్కర్లేదు. ఏసీ గాలి సరాసరి మెడ మీద కొట్టే మూల సీటు నీది. సీటు మార్చమని అడిగావు. మారుస్తానన్నాను. మార్చలేదు.

ముందు లినక్స్ సంగతి. డెబియన్ వేసుకో. ముసలి ఎద్దు లాంటిది, మెల్లగా నడుస్తుంది, గోతిలో పడదు. లోపలి ఇంజను అన్నిటికీ ఒకటే, పైన బాడీలే వేరు. మిగతావాళ్లు చెప్పేదంతా బాడీ రంగు గురించి. డెస్క్‌టాప్ మాత్రం విండోలను వాటంతట అవే పక్కపక్కన సర్దేసేది పెట్టుకో. మౌసుతో లాగే పని తగ్గుతుంది. వాల్‌పేపరు వద్దు, బూడిద రంగు పెట్టు. రంగులతో పనిచేసే కంటికి వెనకాల బూడిద రంగే ఉండాలని నీకు మొదటి వారమే చెప్పాను.

ఇక కీబోర్డు. రంగురంగుల లైట్లు వెలిగేవి కొనకు. అవి కొట్టుకు అందం, చేతికి కాదు. నీ కుడి చేతిలో పెన్ను ఉంటుంది కాబట్టి నీకు కావలసింది ఎడమ సగం ఒక్కటే. మామూలు కీబోర్డు మీద ఎంత అన్యాయం ఉందో చూడు. కంట్రోల్, షిఫ్ట్ రెండూ చిటికెన వేలి నెత్తిన పెట్టారు. ఐదు వేళ్లలోకీ బలమైన బొటనవేలికి ఒక్క స్పేస్ కొట్టే పని ఇచ్చారు. ఇంట్లో గట్టివాడిని కూర్చోబెట్టి బక్కవాడితో మూటలు మోయించడమే ఇది. నేను ఆ మూటలన్నీ బొటనవేలి కిందికి తెస్తాను. కీలు కూడా అడ్డంగా వరసల్లో కాకుండా, నీ వేళ్ల పొడవును బట్టి నిలువుగా పెడతాను.

దానికి నీ చెయ్యి కావాలి. తెల్లకాగితం మీద ఎడమ చెయ్యి పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. వేళ్లు బిగబట్టి చాపకు. నిద్రలో ఎలా ఉంటాయో అలా ఉంచు.

ఒక ప్రశ్న. జివ్వుమంటోందా, తిమ్మిరిగా ఉందా? ఎన్ని వేళ్లు? నొప్పి ఉంటే చెయ్యి బతికే ఉన్నట్టు. తిమ్మిరైతే ముందు డాక్టరు, తర్వాతే నేను. నిజం రాయి.

తిరుమలేశ్

~

యూసుఫ్‌గూడ,
8 మార్చి 2025.

అన్నా,

చెయ్యి పంపుతున్నాను, జాగ్రత్త. గీస్తుంటే మనోజ పక్కన కూర్చుని గోళ్లకు రంగు కూడా వేసింది, అందుకే ఆ ఎర్ర మరకలు. మనోజ మీకు తెలియదు. మీరు వెళ్లాక చేరింది, నా పక్క సీటు. మెదక్ పిల్ల. ఇప్పుడు గదిలో కూడా నాతోనే ఉంటోంది. పగలంతా పక్కన కూర్చుని ఇంటికొచ్చాక కూడా మాట్లాడుకోవడానికి మాకేం మిగులుతుందో దేవుడికే తెలియాలి.

డెబియన్ వేశాను. మీరు చెప్పినట్టే విండోలు పక్కపక్కన సర్దుకునే డెస్క్‌టాప్, బూడిద రంగు. మొదటి రెండు రోజులు ఏ కీ నొక్కితే ఏమవుతుందో తెలియక, తెరిచింది మూయలేక, కంప్యూటరు మొత్తం ఆపేసి మళ్లీ వెలిగించుకున్నాను. ఇప్పుడు చెయ్యి తిరిగింది. ఏ కీకి ఏ పనో నాకు నేనే రాసిపెట్టుకునే ఫైలు నాకు బాగా నచ్చింది. ఒక లైను రాస్తే చాలు, కంప్యూటరు మనం చెప్పినట్టు వింటుంది. ఒక లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే ఆ లైను లేనట్టే చూసుకుని పోతుంది. ఇంట్లో ఇంత మాట వినేవాళ్లు నాకు ఇంకెవరూ లేరు. మనోజ మాత్రం ఆ బూడిద తెర చూసి, "ఏందే గిది, కరెంటు పోయినట్టుంది" అంది.

మీ ప్రశ్నకు జవాబు: ఒక్క చిటికెన వేలే. జివ్వుమనడమే.

ఒక చిన్న సంగతి. మొన్న టీ దగ్గర హనుమంతు పాత కబుర్లు చెబుతూ, ఒకప్పుడు మన మెషీన్లలో పాతిక నిమిషాలకోసారి తెర దానంతటదే మసకబారి "చెయ్యి దించు" అని వచ్చేదన్నాడు. రెండు నిమిషాలు ఏ కీ పనిచేసేది కాదట. నేను చేరేనాటికే అది లేదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పోయింది? మీకు తెలిసే ఉంటుంది.

వందన

~

జనగామ,
20 ఏప్రిల్ 2025.

వందన చెల్లెకు,

ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేశాను. కీబోర్డుతో పాటే ఈ ఉత్తరం ఉంటుంది. పంపే ముందు ప్రతి కీబోర్డు మీదా ఒక పేజీ కొట్టి చూడడం నా పద్ధతి. కాబట్టి ఈ ఉత్తరంలో ఎడమ సగం అక్షరాలు నీ కీబోర్డు కొట్టినవి, కుడి సగం నా పాతది కొట్టినవి. తప్పులుంటే అవి నా వేళ్లవే.

స్ప్రింగులు మెత్తనివి వేశాను, సగం నొక్కితే చాలు. బొటనవేలి కింద నాలుగు కీలు. అడుగున చిన్న కాళ్లు పెట్టాను, లోపలి అంచు పైకి లేచి ఉంటుంది. చెయ్యి బోర్లా పడుకోకుండా, కరచాలనానికి చాచినట్టు ఒరిగి ఉండాలి. మొదటి పది రోజులు చిన్నపిల్లలా తడబడతావు. కోపమొచ్చి పాతదానికి వెళ్లిపోకు. ఇంటి కంప్యూటరులో పాతిక నిమిషాలకు తెర మసకబారే ఏర్పాటు నువ్వే పెట్టుకో, ఎలాగో వెనక పేజీలో రాశాను. మొత్తం ఆరు లైన్లు.

ఇప్పుడు నీ బొమ్మ గురించి. నువ్వు ఒక్క వేలన్నావు. పెన్సిలు గీత అబద్ధమాడదు. నీ ఉంగరం వేలు కూడా చిటికెన వేలి వైపు వంగి, చివర లోపలికి ముడుచుకుని ఉంది. నా దగ్గరికి ఇప్పటిదాకా అరవై చేతుల దాకా వచ్చాయి. ఆ వంపు నాకు తెలుసు.

నా చెయ్యి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఊళ్లో పొలం చూసుకోవాలని మానేస్తున్నట్టు అందరికీ చెప్పాను. మాకు పొలం లేదు. రెండు చేతులకూ ఆపరేషన్ అయింది. కుడి చెయ్యి కొంత తిరిగొచ్చింది. ఎడమది రాలేదు. చొక్కా గుండీలు కౌసల్య పెడుతుంది. "పెండ్లయిన కొత్తల పెట్టనిస్తివా, ఇప్పుడు పెట్టమంటున్నవ్" అని నవ్వుతూ పెడుతుంది. ఆ నవ్వు నేను తట్టుకోలేను. అందుకే టీషర్టులు కొనుక్కున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈ వారమే.

తిరుమలేశ్

~

యూసుఫ్‌గూడ,
15 జూన్ 2025.

తిరుమలేశ్ గారికి,

కీబోర్డు బాగుంది. చాలా బాగుంది. రెండు వారాల్లో చెయ్యి అలవాటు పడింది, స్పీడు కూడా పెరిగింది. ముందు ఇది చెప్పి తర్వాత మిగతాది రాస్తున్నాను.

మే నెలలో నన్ను లీడ్‌ను చేశారు. ఒకప్పుడు మీరు కూర్చున్న కుర్చీ. లీడ్ అయినందుకు హనుమంతు నాకు టీము మెషీన్లన్నిటి సెట్టింగుల ఫైలు తెరిచే అధికారం ఇచ్చాడు. ఇంట్లో ఫైళ్లు రాసుకోవడం అలవాటైంది కదా, ఇక్కడ కూడా కీలు సవరిద్దామని తెరిచాను. అందులో తెర మసకబారే లైను కనిపించింది. అది ఎక్కడికీ పోలేదు. ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఉంది, అంతే. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

"రిలీజ్ అయ్యేదాకే. తర్వాత తీసెయ్యాలి. — తిరుమలేశ్, 12 ఏప్రిల్ 2019."

మార్చిలో నేను అడిగితే మీరు జవాబు రాయలేదు. మర్చిపోయారనుకున్నాను. స్ప్రింగుల గురించి పేజీ రాశారు, దీని గురించి ఒక్క ముక్క రాయలేదు.

నేను చేరింది 2019 ఆగస్టులో. అప్పటికి ఆ సినిమా రిలీజై వెళ్లిపోయింది. ఆ తర్వాత మీరు మూడేళ్లు అదే కుర్చీలో ఉన్నారు. రోజూ ఆ ఫైలు మీ ముందే ఉంది. నా సీటు వెనకాల నిలబడి "చెయ్యి నొస్తే జర లేచి తిరుగు" అని మీరు చెప్పేవారు. ఎంత మంచివారో అనుకునేదాన్ని. కంచే చేను మేసిందని నాకు ఇవాళ తెలిసింది.

టోలిచౌకిలో ఒక డాక్టరు దగ్గర నరాల పరీక్ష చేయించుకున్నాను. రెండు వేళ్లు. మీ పెన్సిలు గీతే నిజం. ఏడాదిగా తిమ్మిరి ఉంది, నేనే ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు పని మానేసి ఆపరేషన్ చేయించుకోమన్నారు. పోయిన స్పర్శ వస్తుందని మాత్రం చెప్పలేమన్నారు. కొత్త లీడ్‌ని, మూడు నెలలు సెలవంటే ఆ కుర్చీ నాకోసం ఖాళీగా ఉంటుందా? ఈ సంగతి స్టూడియోలో ఎవరికీ తెలియదు.

జవాబు రాయండి. స్ప్రింగుల గురించి వద్దు.

వందన

~

జనగామ,
27 జూన్ 2025.

వందన చెల్లెకు,

చెల్లె అని పిలిచే అర్హత ఉందో లేదో తెలియదు, అలవాటు కొద్దీ రాశాను.

ఆ తెర మసకబారేది పెట్టింది కూడా నేనే. 2017లో పెట్టాను. బాగానే నడిచింది. 2019 ఏప్రిల్లో డైరెక్టరు వచ్చి నా పక్కన కూర్చుని షాట్లు చూస్తున్నాడు. గంటలో రెండుసార్లు తెర మసకబారింది. రెండోసారి ఆయన, "మీ కంప్యూటర్‌కి కూడా నిద్రొస్తోందాండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన వెళ్లాక మన మేనేజరు రఘునందన్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, "అన్నా, రిలీజ్ అయ్యేదాంక గది బంద్ పెట్టరాదే. నాలుగు వారాలే గదా" అన్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. బతిమాలాడు. కుడి చిటికెన వేలు షిఫ్ట్ మీద, ఎడమ నడిమి వేలు మూడు అంకె మీద. ఒక్కసారి నొక్కాను, ఆ లైను ముందు హ్యాష్ పడింది. మర్చిపోకూడదని పక్కన నా పేరు కూడా రాసుకున్నాను.

మర్చిపోయానని రాస్తే నీకు తేలిగ్గా ఉంటుంది, నాకూ తేలిగ్గా ఉంటుంది. మర్చిపోలేదు. అంతకుముందు మన టీము వారానికి ముప్పై షాట్లు చేసేది. ఆ నాలుగు వారాల్లో నలభై ఒకటి చేసింది. జూబ్లీహిల్స్‌లో సినిమా విజయానికి విందు చేసినప్పుడు రఘునందన్ ఆ నలభై ఒకటి గురించి మైకులో చెప్పి నన్ను లేచి నిలబడమన్నాడు. చప్పట్లు కొట్టారు. సోమవారం వచ్చేసరికి తర్వాతి సినిమా షెడ్యూలు నలభై ఒకటి మీద వేసి ఉంది. ఆ గుర్తు తీస్తే మళ్లీ ముప్పై. ఆ పదకొండు షాట్లు ఎక్కడి నుంచి తేవాలి? ఈ సినిమా అయ్యాక తీద్దామనుకున్నాను. అది అయ్యాక ఇంకోటి వచ్చింది.

2020లో శేషారత్నం మానేసింది, నీకు గుర్తుండే ఉంటుంది. పెళ్లి కుదిరిందని అందరికీ చెప్పాం. పెళ్లీ నిజమే, చెయ్యి పోయిందన్నదీ నిజమే. ఆమె సీటు దగ్గర వీడ్కోలు కేకు కోసినప్పుడు కత్తి ఎడమ చేత్తో పట్టలేక కుడి చేతికి మార్చుకుంది. నేను చూశాను. ఆ సాయంత్రం ఫైలు తెరిచాను, చదివాను, మూసేశాను. ఆ తర్వాత నా చేతులు పోయాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, నా పిడికిట్లోకి వచ్చింది ఎక్కువే. పిడికిలి బిగుసుకోదు కూడా ఇప్పుడు.

ఈ కీబోర్డులు ఎందుకు చేస్తున్నానో నువ్వు అడగలేదు, చెప్పనక్కర్లేదు.

నేను క్షమించమని అడగను. ఒక్కటి అడుగుతాను. ఆ ఫైలు ఇప్పుడు నీ చేతిలో ఉంది. ఆ ఒక్క గుర్తు తీసెయ్యి. రేపే తీసెయ్యి. ఏ రిలీజ్ కోసమూ ఆగకు. తర్వాత నీ చెయ్యి ఆపరేషన్ చేయించుకో. కుర్చీకి ఇంకొకరు దొరుకుతారు.

తిరుమలేశ్

~

యూసుఫ్‌గూడ,
10 ఆగస్టు 2025.

అన్నా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం పోయిందని రాయను. పని ఎక్కువై కోపానికి టైము దొరకడం లేదు. దసరా సినిమా మా నెత్తిన పడింది. ఆకాశంలో యుద్ధం, నాలుగు వందల పన్నెండు షాట్లు, ప్రతి మనిషికీ నాలుగేసి తాళ్లు. ఇంకా ఏడు వారాలుంది.

ఆ లైను సంగతి నేను చూసుకుంటాను. మీరు ఫికరు పడకండి.

ఇప్పుడు ఒక మంచి మాట. నా కీబోర్డు చూసి టీము మొత్తం అడుగుతున్నారు. రఘునందన్ సర్ కూడా ఒప్పుకున్నారు, స్టూడియోనే చేయిస్తుంది. మొత్తం ఎనిమిది కావాలి. ఏడు వాళ్లకి, ఒకటి నాకు కొత్తది. చేతుల బొమ్మలు పంపుతున్నాను. పెన్సిలు ఒకటే, వంతులవారీగా కూర్చుని గీయించాను. చిన్న బడిలా అయింది సెల్లార్. అందరికీ మంచి కీబోర్డులుంటే సగం బాధ తీరుతుంది కదా. మేం ఏ పనికి ఏ కీలు వాడతామో మీకు కావాలి కాబట్టి, సెట్టింగుల ఫైలు హనుమంతుతో ప్రింటు తీయించి ఇందులో పెట్టాను. పద్నాలుగు పేజీలు. పెన్‌డ్రైవులు బయటికి రానివ్వరు గానీ కాగితాలను ఎవరూ అడగరు.

నా కొత్తదానికి ఒక చిన్న మార్పు. మెత్తటి స్ప్రింగులు వద్దు. నొక్కినప్పుడు టక్కుమని శబ్దం వచ్చే కీలు వేయండి. ఊరికే, వినడానికి బాగుంటుందని.

ఆపరేషన్ దసరా తర్వాత పెట్టుకుంటాను. మనోజ మీకు నమస్కారం చెప్పమంది. "అన్నను నాకు మాత్రం లైట్లు వెలిగేది చెయ్యమను" అంటోంది.

వందన

~

జనగామ,
3 సెప్టెంబరు 2025.

వందనకు,

ఏడు కీబోర్డులు ఈ పార్సిల్లో ఉన్నాయి. పేర్లు అడుగున రాశాను. లైట్లు ఎవరికీ పెట్టలేదు.

నీది శబ్దం వచ్చే కీలతోనే చేశాను. వినడానికి బాగుంటుందని రాశావు. కీ దిగిందో లేదో వేలికి తెలియనప్పుడు చెవితో తెలుసుకోవాల్సి వస్తుంది. స్టూడియోలో ఆఖరి ఏడాది నేను కూడా అవే వాడాను. అందరూ గోల అని విసుక్కునేవారు, నువ్వు కూడా.

ఫైలు పదకొండో పేజీ చదివాను. తెలిసి పంపావో, చూసుకోకుండా పంపావో నాకు తెలియదు. నా లైను కింద ఇంకో లైను ఉంది. "దసరా రిలీజ్ అయ్యేదాకే. తర్వాత తీసెయ్యాలి. — వందన, 21 జూలై 2025." నా మాటలే, అక్షరం మారలేదు. కౌసల్య భోజనానికి పిలిచినా లేవలేకపోయాను. కోపంతో కాదు. నీకు నేను నేర్పిన పనులన్నిటిలోకీ ఇది బాగా వచ్చింది.

నిన్ను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఈ ఏడు కీబోర్డులు మీకు అందితే ఏమవుతుందో తెలిసే చేశాను. నొప్పి రెండు నెలలు వాయిదా పడుతుంది. ఆ రెండు నెలలూ మీరు ఇంకో గంట ఎక్కువ కూర్చుంటారు. నలభై ఒకటి యాభై అవుతుంది. చేయనని మీ కాగితాలు తిప్పి పంపాల్సింది. ఎనిమిది చేతుల బొమ్మలు నేల మీద పరిచి చూశాక పంపలేకపోయాను.

ఎనిమిదో కీబోర్డు చేయకుండా ఆపాను. పెన్సిలుతో అంకెలు వేశావు కదా, ఏడో బొమ్మ. పేరు లేదు. చిటికెన వేలి దగ్గర గీత రెండుసార్లు పడింది, గీస్తున్నంతసేపూ ఆ వేలు కదలకుండా నిలబడలేదు. మిగతా చేతుల్లో ఇంకా టైముంది. ఈ చేతికి లేదు. అది ఎవరిదైనా సరే, కీబోర్డు కాదు, డాక్టరు కావాలి. నీ ఆపరేషన్‌లా దసరా తర్వాత కాదు. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ మనిషికి చెప్పు. చెప్పానని ఒక్క ముక్క రాయి.

తిరుమలేశ్

~

యూసుఫ్‌గూడ,
7 అక్టోబరు 2025.

అన్నా,

ఎనిమిదోది చేయకండి. ఏడు చాలు.

ఏడో బొమ్మ మనోజది. మీ ఉత్తరం సెప్టెంబరు ఐదున అందింది. ఆ రోజు ఆకాశ యుద్ధంలో తన భాగం అరవై షాట్లు మిగిలి ఉన్నాయి. సాయంత్రం గదిలో తను నా ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఉత్తరం నా బ్యాగులో ఉంది. రిలీజ్ అయ్యాక చెబుదామనుకున్నాను. నా మనసులో ఆ మాట సరిగ్గా ఆ అక్షరాలతోనే వచ్చింది.

సెప్టెంబరు ఇరవై నాలుగున ఉదయం పాలగిన్నె దించుతూ ఎడమ చేత్తో గుడ్డ అనుకుని గిన్నె అంచే పట్టుకుంది. వాసన ముందు నాకు వచ్చింది. తను నాతో మాట్లాడుతూనే ఉంది, వేళ్లు గిన్నెకు అంటుకుని ఉన్నాయి. నేను అరిస్తే అప్పుడు కిందికి చూసింది. "అరె, కాలుతుందా?" అంది. నొప్పిగా లేదట. నన్ను చూసి భయపడింది గానీ చేతిని చూసి భయపడలేదు. వాళ్ల నాన్న వచ్చి మెదక్ తీసుకెళ్లారు. చిటికెన వేలు ఒక కణుపు దాకా తీసేశారు. మనోజ వెళ్తూ తన పాత కీబోర్డు ఎవరికి ఇవ్వాలో నాకు వివరంగా చెప్పింది, తన షాట్లు ఎక్కడిదాకా వచ్చాయో కూడా చెప్పింది. మీ ఉత్తరం సంగతి నేను తనకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. పంతొమ్మిది రోజులు నా బ్యాగులో ఉందని ఏ ముఖంతో చెప్పను?

జూలైలో మీరు చెప్పినట్టు ఆ గుర్తు నిజంగానే తీశాను అన్నా. ఒక పూట తెరలు మసకబారాయి. మధ్యాహ్నానికి రఘునందన్ సర్ దిగొచ్చి, "గిదేంది వందనా, గిప్పుడా? దసరా అయినంక నీ ఇష్టం" అన్నారు. తిట్టలేదు, నాతోనూ బతిమాలారు. మళ్లీ పెట్టేశాను. ప్రింటు తీయించేటప్పుడు పదకొండో పేజీ ఉందని నాకు తెలుసు. తెలిసే పంపాను. మీరు తిడితే నాకు ధైర్యం వస్తుందనుకున్నాను. మీరు తిట్టకుండా కీబోర్డులు పంపారు.

సినిమా దసరాకు వచ్చింది. హాల్లో ఈలలు వేశారట. తాళ్లు ఒక్కటి కూడా కనిపించడం లేదని ఎవరో రాశారట. తర్వాతి సినిమా షెడ్యూలు నిన్న వచ్చింది. వారానికి యాభై రెండు.

నిన్న సోమవారం, అందరికంటే ముందు వెళ్లి ఆ గుర్తు తీసేశాను. మన రెండు పేర్లు మాత్రం అలాగే ఉంచాను, తర్వాత వచ్చేవాళ్లు చదువుకోవాలి. రఘునందన్ సర్‌కు కాగితం మీద రాసిచ్చాను, మళ్లీ పెట్టమంటే నన్ను తీసేసి పెట్టుకోమని. ఆయన చదివి జేబులో పెట్టుకున్నారు. ఏమంటారో ఇంకా తెలియదు. ఆపరేషన్‌కు పదహారో తారీఖు ఇచ్చారు.

పని పదకొండింటికి మొదలైంది. పదకొండూ ఇరవై ఐదుకు అన్ని తెరలూ ఒక్కసారి మసకబారాయి. మీరు రాసిన మాటే వచ్చింది, "చెయ్యి దించు" అని. జూలైలో ఆ పూట సెలవులో ఉన్నవాళ్లెవరో, "కరెంటు పోయిందా మేడం?" అన్నారు. పోలేదు, ఇది విశ్రాంతి, రెండు నిమిషాలు చేతులు తీసెయ్యండి అని చెప్పాను. ఎవరూ తీయలేదు అన్నా. ఆరుగురూ వేళ్లు కీల మీదే పెట్టుకుని, తెర ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. మీరు చేసిన కీబోర్డులే, వేళ్లకు అంత బాగా అమిరాయి. మళ్లీ చెప్పాను, చూడండి, నాలాగా ఇలా దించండి అని.

వాళ్లు నా చేతి వైపే చూస్తున్నారు. ఎందుకో అర్థం కాక నేనూ చూశాను. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. ఎడమ చెయ్యి కూడా దించాననే అనుకున్నాను. అది కీబోర్డు మీదే ఉంది.

వందన